బాంజో తాత గంటలో గోంగూర ఆంటీ ఫోన్లు

ఆ రోజుల్లో సిడ్నీలో తెలుగు చెవిన పడాలంటే ఎవరింటికైనా భోజనానికి వెళ్లాలి, లేదా ఎవరితోనైనా వాదన పెట్టుకోవాలి. భోజనానికి పిలిచేవాళ్లు తక్కువ కాబట్టి నేను రెండోదానితోనే గడుపుకొచ్చేదాన్ని. ఇప్పటి పిల్లలకి ఇది చెబితే నమ్మరు. ఇప్పుడు బ్లాక్‌టౌన్‌లో రైలెక్కితే ఈ చివర ఒకాయన వీసా సంగతీ, ఆ చివర ఒకావిడ ఆడపడుచు సంగతీ పెట్టె మొత్తానికి వినపడేలా ఫోన్లో చెబుతుంటారు. మనకి ఇష్టం ఉన్నా లేకపోయినా దిగేలోపు కథంతా తెలిసిపోతుంది. అప్పుడలా కాదు. వారానికి ఒక్క గంట, శనివారం మధ్యాహ్నం, ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో తెలుగు వచ్చేది. ఆ గంట కోసం జనం ఉతికిన బట్టలు బకెట్లోనే వదిలేసి, కార్లు రోడ్డు పక్కన ఆపుకుని వినేవారు. (ఒకాయన ఇల్లు కొనడానికి వెళ్లి, వేలంపాట మధ్యలో లేచి కారులో కూర్చున్నాడు. ఆ ఇల్లు ఇంకెవరికో పోయింది. భార్య ఈనాటికీ దెప్పుతుంది.) ఆ గంటలో పాటల మధ్య మాట్లాడేది నేను. దానికి ముందు గంట ఎవరిదన్నదే ఈ కథ.

నాకా ఉద్యోగం (జీతం లేనిదాన్ని ఉద్యోగం అనొచ్చా అని మా ఆయన అడుగుతున్నాడు, ఆయన మాట పట్టించుకోకండి) ఎలా వచ్చిందో చెప్పాలి. మాది రేపల్లె దగ్గర. అకౌంటింగ్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చాను. వారమంతా యూనివర్సిటీకి వెళ్లడం, శనివారం పొద్దున హారిస్ పార్క్ పేటలో ఒక మిఠాయి కొట్లో జిలేబీలు తూచడం. ఒక ఉగాది ఫంక్షన్‌లో తెలుగు సంఘం ప్రెసిడెంట్ అంకుల్ మైకులో ఒక పద్యం తప్పు చదివారు. (సంఘానికి ప్రెసిడెంట్లు మారుతుండేవారు గానీ ప్రెసిడెంట్ అంకుల్ మాత్రం ఆయనే.) నేను వెనక వరసలోంచి లేచి సరిచేశాను. కాలేజీలో వక్తృత్వపు పోటీల్లో కప్పులు తెచ్చిన నోరు, ఊరికే ఉండమంటే ఉండదు. అంకుల్ నన్ను హాలు బయట పట్టుకుని, "అమ్మాయ్, అంత వచ్చినదానివి శనివారం వచ్చి రేడియోలో నువ్వే చదువు. అప్పుడు తప్పులు నీవి, దిద్దడం నాది" అన్నారు. ఆయన శిక్ష వేశాననుకున్నారు, నేను సన్మానం అనుకున్నాను. అలా ఇద్దరం తృప్తిగా విడిపోయాం.

బ్లాక్‌టౌన్ స్టేషను నుంచి నడిచి వెళ్లే దూరంలో, ఒక పాత హాలు వెనకున్న రెండు గదులే ఆ రేడియో. ఒక గదిలో మైకులూ పాటలు వేసే యంత్రాలూ. రెండో గదిలో స్ప్రింగులు పొడుచుకొచ్చిన సోఫా, కెటిల్, అందరికీ కలిపి ఒకే ఒక్క ఫోను. మధ్యలో గోడకి అద్దం. గంటకొక భాష మారేది. మొదటి శనివారం నేను నెయ్యి వాసన కొడుతూ రైలు దిగి వెళ్లేసరికి, అద్దానికి అవతల ఒక పొడుగాటి ముసలాయన కనిపించాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడలో నల్లటి సన్నని టై, నెత్తిన టోపీ. ఒళ్లో, డప్పుకి సితారు మెడ అతికించినట్టున్న వాయిద్యం. వేళ్లకి ఇనప గోళ్లు తొడుక్కుని దాన్ని గీరుతున్నాడు. పక్కన రికార్డులో ఫిడేలు, మాండొలిన్, గిటారు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. ఆ పైన ఎవరో ముక్కుతో పాడుతున్నారు. దాన్ని బ్లూగ్రాస్ అంటారట, అమెరికా కొండల్లో పుట్టిన పల్లెపాట. నాకు మాత్రం పెళ్లిమేళం వాళ్లకి ఆఖరి బస్సు వెళ్లిపోతోందేమో అనిపించింది.

ఆ మాట ఆయన బయటికి రాగానే ఆయనతోనే అన్నాను. ఆయన టోపీ తీసి ఒకసారి తల నిమురుకుని, "వచ్చేవారం ఇది మైకులో చెబుతావా?" అని అడిగాడు. (ఆయన మాట్లాడింది ఇంగ్లీషు, నేను రాస్తున్నది గుంటూరు. ఎక్కడైనా మరీ రేపల్లె మనిషిలా వినిపిస్తే తప్పు ఆయనది కాదు.)

"రేడియోకి టై ఎందుకు కట్టుకున్నారు? ఎవరు చూస్తారు?" అన్నాను.

"బాంజో చూస్తుంది" అన్నాడు, చంకలోని వాయిద్యం చూపిస్తూ.

అప్పటి నుంచి ఆయన మాకు బాంజో తాత. కొట్లో విరిగిపోయిన మైసూర్‌పాకు ముక్కలు నాకిచ్చేసేవాళ్లు, అవి నేను ఆయనకి పట్టుకెళ్లేదాన్ని. ఆయన వాటిని టీలో ముంచుకు తింటూ, మా గంట మొదలయ్యేలోపు, తన జీవితం ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. ఉత్తరాన ఏదో పాడి ఊళ్లో పుట్టాడు. పాట వింటే ఆవులు బాగా చేపుతాయని కొట్టంలో రేడియో పెట్టేవారట. ఒక చీకటి పొద్దున అందులో ఎక్కడో సముద్రాల అవతలి బాంజో వినపడి, పిల్లవాడు పిండడం మర్చిపోయాడు. ఆవు బకెట్ తన్నింది, తండ్రి వాణ్ణి తన్నాడు. మీసం రాకముందే డేరా కంపెనీలో చేరి ఊరూరా తిరిగాడు. పాట, హాస్యం, కత్తుల విసురు, లెక్కలు చెప్పే కుక్క. (పోస్టరు మీద కుక్క పేరు తన పేరుకన్నా పెద్దక్షరాల్లో వేసేవారని చివరిదాకా మూలిగాడు.) తర్వాత ఒక చిన్న ఊరి రేడియోలో తెల్లవారుజామున పాటకీ పాటకీ మధ్య జోకులు చెబుతూ కోళ్ల దాణా అమ్మాడు, సబ్బులు అమ్మాడు, గొర్రెలకి పురుగుల మందు అమ్మాడు. దాని మీద పాట కూడా కట్టాడు. ఆ పాట తర్వాత గొర్రెలు కూడా ఒప్పుకున్నాయని చెప్పేవాడు. ఇంతా చేసి ఆయన ఆ పాట పుట్టిన అమెరికా కొండసీమ, కెంటకీ మొహం చూడలేదు. "చూడని కొండల మీద బెంగ పెట్టుకుని ఎలా పాడతారు?" అని నిలదీశాను. "నువ్వు స్వర్గానికి వెళ్లొచ్చాకే దేవుడి పాట పాడతావా?" అన్నాడు. ఇంకో మైసూర్‌పాకు ముక్క ఇచ్చి ఓటమి ఒప్పుకున్నాను. ఆ దేశంలో అది నాకు కొత్త అనుభవం.

టీవీలొచ్చి డేరాలు మడతపడ్డాయి. చిన్న ఊళ్ల రేడియోలు మూతపడ్డాయి. బాండులో ఆయనతో వాయించినవాళ్లు ఒక్కొక్కళ్లే వెళ్లిపోయారు, తర్వాత భార్య వెళ్లిపోయింది. అంత పొడుగు జీవితంలో చివరికి ఆయనకి మిగిలింది శనివారం ఆ ఒక్క గంట. దాన్నెవరూ వినరని మా అందరికీ తెలుసు. ఫోను ఎప్పుడూ మోగేది కాదు. ఆయన మాత్రం ప్రతి పాట తర్వాతా ఫోను నంబరు నిదానంగా రెండుసార్లు చెప్పేవాడు.

ఇక మనవాళ్ల సంగతి. మన జనానికి రేడియో అంటే ముందు పాట కోరుకోవడం, వినడం ఆ తర్వాతి పని. చిన్నప్పుడు పోస్టుకార్డు మీద ఇంటిల్లిపాది పేర్లూ, పక్కవాటా వాళ్ల పేర్లూ, అటుపైన చోటుంటే చిట్టి, బుజ్జి, పండు అని ఇరికించి పంపి, అవి రేడియోలో చదువుతుంటే ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. పేర్లయ్యాక పాట రాకపోయినా పర్వాలేదు. సముద్రం దాటినా ఆ జబ్బు తగ్గలేదు. మా తెలుగు గంటకీ ఫోన్లు చేసి పాటలు కోరుకునేవారు. పేరు ముందు రావాలంటే ఫోను ముందు చేయాలి. అందరూ అందరికన్నా ముందు చేయాలనుకునేసరికి, ఆ ఫోన్లు వెనక్కి జరుగుతూ జరుగుతూ వచ్చి బాంజో తాత గంటలో పడ్డాయి.

మొదట పడింది గోంగూర ఆంటీది. క్వేకర్స్ హిల్‌లో ఆవిడ ఇంటి వెనక లాన్ అంతా తవ్వేసి గోంగూర వేసింది. ఎండాకాలమంతా సిడ్నీలో సగం తెలుగిళ్లకి ఆవిడే దాత. సొంత పేరు ఆవిడకే గుర్తుందో లేదో.

"అమ్మాయ్, నేనేనే. ఫస్ట్ పాట నాదే ఉండాల. పోయిన వారం నా పేరు ఎక్కడో అడుగున చదివావు."

"మన గంట ఇంకా రాలేదాంటీ. ఇప్పుడు వేరే ఆయన వాయిస్తున్నాడు."

"వాయించనీ. నేనేమన్నా ఆయన చెయ్యి పట్టుకున్నానా? నువ్వు చెప్పింది రాయి. మా వారు, మా చెల్లెలు, వాళ్ల పిల్లలు. కొత్తగా పుట్టినోడికి ఇంకా పేరు పెట్టలేదు, బాబు అని చదువు."

ఫోను పెట్టేసి తిరిగేసరికి బాంజో తాత వెనక నిలబడి ఉన్నాడు. లోపల రికార్డు తిరుగుతోంది. "ఫోను మోగింది" అన్నాడు, ఇల్లు అంటుకుందన్న కబురు గుసగుసగా చెబుతున్నట్టు. "ఎవరు?" నేను కాగితం మీద నుంచి తలెత్తకుండా "గోంగూర ఆంటీ, క్వేకర్స్ హిల్" అన్నాను. మిగతాది చెప్పేలోపే ఆయన లోపలికి పరుగెత్తాడు. పాట అయిపోగానే స్పీకర్లో గొంతు సవరించుకోవడం వినిపించింది. "ఈ మధ్యాహ్నం మనల్ని తలచుకున్న క్వేకర్స్ హిల్ మిసెస్ గోంగూరా ఆంటీ గారికి, టోపీ తీసి, ఈ పాట." నిజంగానే తీశాడు, అద్దంలోంచి చూశాను. వెంటనే ఫోను మోగింది. తిట్లు తినడానికి సిద్ధపడి ఎత్తాను.

"అమ్మాయ్, ఆ తెల్లాయన అన్నది నన్నేనా?"

"అవునాంటీ. సారీ, ఆయన పొరపాటున..."

"సారీ ఎందుకే. ఫస్ట్ పేరు నాదేగా?"

"అవును."

"నా వెనక ఇంకెవరి పేరూ చదవలా?"

"లేదాంటీ, మీ ఒక్కరిదే."

అవతల పెన్నూ కాగితం వెతుకుతున్న చప్పుడు. తర్వాత, "వచ్చేవారం ఈయన ఎన్నింటికి మొదలెడతాడు?" అంది.

సిడ్నీ తెలుగు ఆడవాళ్లలో ఒక వార్త పాకడానికి వారం చాలా ఎక్కువ. మరుసటి శనివారం బాంజో తాత టై సర్దుకుని మొదటి పాట వేశాడో లేదో, ఫోను మొదలయింది. సెవెన్ హిల్స్, గిర్రవీన్, వెంట్వర్త్‌విల్, ఒక్కో పేట నుంచీ ఒక్కో ఆంటీ. నేను పేర్లు చెబుతుంటే ఆయన ఒక్కో పేరునీ నాలుక మీద తిప్పుకుని, ఒకటికి రెండుసార్లు పలికి చూసుకుని, మైకులో పెళ్లి శుభలేఖ చదివినట్టు చదివాడు. ఆ మొహంలో వెలుగు చూసి నాకు ఒళ్లు మండింది. అబద్ధం మీద నిలబడ్డ సంతోషాలు నాకు పడవు (అప్పట్లో), పైగా నిజం చెప్పేపని ఎప్పుడూ నా మీదే ఉందనుకునేదాన్ని. పాట నడుస్తుండగా లోపలికి వెళ్లి మొహం మీదే చెప్పేశాను. "వీళ్లెవరూ మీ కోసం ఫోన్ చేయట్లేదు. మా గంట కోసం క్యూలో నిలబడుతున్నారు, అంతే. మీ పాట ఒక్కరికీ అర్థం కాదు."

ఆయన బాంజో తీగ ఒకటి బిగించుకుంటూ, "తెలుసు లవ్" అన్నాడు. (ఇక్కడి పెద్దవాళ్లు అమ్మాయ్ అనడానికి లవ్ అంటారు.)

"తెలుసా?"

"మా డేరాలోకి సగం జనం వానకి తడవకుండా వచ్చేవాళ్లే. వాళ్లని టిక్కెట్టు కొన్నవాళ్ల నుంచి విడదీసి చూస్తే ఇక వాయించలేవు. లోపలున్నవాళ్లు లోపలున్నట్టే. వాన వెలిసేలోపు వాళ్లకి నీ మీద కాస్త ఇష్టం పుట్టించుకోవాలి. అదే పని. మిగతాదంతా వేళ్ల కసరత్తు." అని నా వైపు కుర్చీ తోశాడు. "కూర్చో. నా సంగీతం నీకెందుకు నచ్చదో వాళ్లకి చెప్పు."

నేను చెప్పాను. బస్సు వెళ్లిపోతున్న పెళ్లిమేళం గురించి మైకులో చెప్పాను. ఆయన తిప్పి కొట్టాడు. మా వాదన మధ్యలో ఫోను మోగుతూనే ఉంది. అప్పటి నుంచి ప్రతి శనివారం ఆయన గంటలో కాసేపు మా ఇద్దరికీ యుద్ధం. ఆయన పాట వేయడం, నేను దానికి వంక పెట్టడం, చివర్లో మన ఆంటీల కోసం దాని కథ నాలుగు ముక్కల్లో తెలుగులో చెప్పడం. బ్లూగ్రాస్ పాటల్లో ఎవరో ఒకరు పోవాలి. తల్లి పోతుంది, ప్రియురాలు పోతుంది, ఎవరూ దొరక్కపోతే రైలు వెళ్లిపోతుంది. మన ఆంటీలకి అంతకన్నా ఏం కావాలి. "ఏమే, ఆ తల్లి చచ్చిపోయిందా? అయ్యో. ఇంకోసారి వేయమను" అని ఫోన్లు.

ఇక్కడికి అంతా బాగానే ఉంది. ప్రెసిడెంట్ అంకుల్‌కి మాత్రం ఇందులో వేరే సంగతి కనపడింది. తెలుగువాళ్లు పెరుగుతున్నారు, ఒక గంట చాలట్లేదు. ముందు గంటలో వచ్చే ఫోన్లన్నీ మనవే, కాబట్టి ఆ గంట కూడా మనకే రావాలి. రేడియో మేనేజరుతో మీటింగ్ పెట్టించారు. "నువ్వే మాట్లాడాలమ్మా. పాయింట్లు నేను చెబుతాను, నోరు నీది" అన్నారు. నాకా లెక్క ఎక్కడా తప్పనిపించలేదు. ఫోన్లు మనవి, జనం మనవాళ్లు, గంట ఆయనది. అకౌంటింగ్ చదివే మనిషికి దీనిలో సందేహం ఎందుకొస్తుంది? చాటుగా చేయడం నా ఒంటికి పడదు కనుక బాంజో తాతకి నేనే చెప్పాను, మైసూర్‌పాకు చేతికిస్తూ. "మీ గంట మాకు కావాలి. వచ్చే శనివారం మీటింగ్‌లో నేనే మాట్లాడబోతున్నాను."

ఆయన ముక్క టీలో ముంచి, అది కరిగి కప్పులో పడిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. "నువ్వు గబగబా మొదలెడతావు" అన్నాడు చివరికి. "అది తగ్గించుకో. మొదటి మాట మెల్లగా, వెనక కూర్చున్నవాడు ముందుకు వంగేలా అనాలి. పక్కన నీళ్లు పెట్టుకో. కోపం ఉంటే చివరికి దాచుకో, ముందే ఖర్చుపెట్టకు."

"నేను మాట్లాడేది మీకు ఎదురుగా."

"అయితే మాత్రం చెత్తగా మాట్లాడతావా?" అన్నాడు. తర్వాత టై ముడి వదులు చేసుకుంటూ, నాతో కాదన్నట్టు, "శనివారం పోతే ఇది ఏ రోజు కట్టుకోవాలో మరి" అన్నాడు.

మీటింగ్ రోజు పొద్దున కొట్లో నాకు జిలేబీ తూకాలన్నీ తప్పాయి.

మీటింగ్ ఆ సోఫా గదిలోనే జరిగింది. మేనేజరమ్మ, నెరిసిన పొట్టి జుట్టావిడ, అల్లిక సూదులు చేతిలో పెట్టుకుని కూర్చుంది. అల్లుతూ వింటే ఎవరి మీదా విసుగు రాదట. బాంజో తాత మూల కుర్చీలో టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ప్రెసిడెంట్ అంకుల్ కోటు వేసుకొచ్చారు, సాక్ష్యానికి గోంగూర ఆంటీని కూడా తీసుకొచ్చారు. ఆవిడ ఊరికే రాలేదు, అందరికీ తలా ఒక గోంగూర కట్ట తెచ్చింది. మేనేజరమ్మ దాన్ని పూలగుత్తి అనుకుని గ్లాసులో నీళ్లు పోసి పెట్టింది. నేను లేచి, బాంజో తాత చెప్పినట్టే మెల్లగా మొదలుపెట్టి, అంకుల్ పాయింట్లు ఒక్కటీ వదలకుండా చెప్పాను. బాగానే చెప్పాను. అల్లిక రెండుసార్లు ఆగింది. మూల కుర్చీలో ఆయన తల ఆడిస్తూ విన్నాడు, తన శిష్యురాలు అరంగేట్రం చేస్తున్నట్టు. అంతకన్నా కర్రతో కొట్టినా బాగుండేది.

తర్వాత సాక్ష్యం. "అక్కయ్యగారూ, మీరు ముందు గంటలో ఫోన్ చేసేది మన తెలుగు పాట కోసమే కదా?" అని అంకుల్ అడిగారు.

"మరి? ఈయన దగ్గర తెలుగు పాటలెక్కడున్నయ్?"

"అద్గదీ. ఆ గంట కూడా మనకే ఇస్తే, రెండు గంటలూ మన పాటలే. మీకు సంతోషమేగా?"

ఆంటీ నొసలు ముడేసింది. "రెండు గంటలూ పాటలే వస్తుంటే ఫోన్ ఎప్పుడు చెయ్యాలయ్యా?"

"పాటలొచ్చేటప్పుడే చేయండి."

"పాటలొచ్చేటప్పుడు పాటలు వింటామా, ఫోన్ పట్టుకు వేలాడతామా? ఇప్పుడు శుభ్రంగా ఉంది. ఈయన వాయిస్తుంటే వంకాయలు తరుక్కుంటా, నిదానంగా పేర్లు చెప్పుకుంటాం. మన గంట వచ్చేసరికి చేతులు కడుక్కుని కూర్చుంటాం. ఈయన్ని తీసేస్తే మాకు తీరిక ఎక్కడిది?" అని బాంజో తాత వైపు తిరిగి, ఆయనకి తెలుగు వచ్చినట్టే, "అదట్టా ఉంచండి, పోయిన వారం ఆ తల్లి కిటికీలో దీపం పెట్టి కొడుకు కోసం చూసే పాట సగంలో ఆపి వార్తలేశారేం? ఆ పిల్లోడు ఇంటికొచ్చాడా లేదా? నాకు వారమంతా అదే బెంగ" అంది.

మేనేజరమ్మ సూదులు ఆపి, ఆవిడ ఏమంటోందని అడిగింది. "తెలుగు గంట పెంచాలని అంటున్నారు" అన్నారు అంకుల్.

"అలా అనలేదు" అన్నాను నేను.

"నువ్వు కూర్చోమ్మా" అన్నారు అంకుల్.

ఇక్కడ పాఠకులకి ఒక మాట చెప్పాలి. నాకు పెద్దలంటే గౌరవముంది. కానీ నన్నెవరైనా కూర్చోమంటే నా మోకాళ్లు వినవు, చిన్నప్పటి నుంచీ అంతే. (మా ఆయన పెళ్లిపీటల మీద మొదటిసారి గమనించాడట.) అప్పటిదాకా నేను ఏ పక్షమో నాకు స్పష్టంగా తెలుసు. ఆ ఒక్క మాటతో నేను చెప్పిన పాయింట్లన్నీ నా కళ్లముందే వరసగా తిరగబడ్డాయి. ఆంటీ అన్నది వంకాయలతో సహా ఇంగ్లీషులో చెప్పాను. తర్వాత, ఇంతకుముందు మాట్లాడినావిడ వాదనలో పస లేదని, ఆ ఇంతకుముందు మాట్లాడినావిడ నేనే అయినా సరే, మొదలుపెట్టాను. ఫోన్లు మనవే, కానీ అవి వచ్చింది ఈయన తలుపు తీసి ఉంచాడు కాబట్టి. మన గంటలో మేం పేర్లు గుంపులో కలిపి చదివేస్తాం, ఈయన ఒక్కొక్కరికీ టోపీ తీస్తాడు. వానకి డేరాలోకి వచ్చినవాళ్లని డేరా పీకేయమని అడిగించడం ఏ ఊరి మర్యాద? అక్కడికొచ్చేసరికి దాచుకున్న కోపం తీద్దామని చూశాను. కోపం లేదు. దాని చోట ఇంకేదో ఉంది. నీళ్లు తాగి కూర్చున్నాను. ఎవరూ చెప్పకుండానే.

మేనేజరమ్మ వరస పూర్తి చేసి, దారం తెంపి, శనివారం గంట ఎవరిది వాళ్లకే ఉంటుందని, తెలుగుకి ఆదివారం పొద్దున ఇంకో అరగంట ఇస్తానని చెప్పింది. ప్రెసిడెంట్ అంకుల్ బయటికొచ్చి, "చూశావా, అరగంట సాధించాం" అన్నారు. ఆయన ఓడిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు, ఆయన కూడా చూడలేదు.

ఆ రోజు బాంజో తాత రికార్డు వేయలేదు. దీపం పాట తనే బాంజో మీద, మొదటి నుంచి చివరిదాకా పాడాడు. ముసలి గొంతు పైకి వెళ్లినప్పుడల్లా చిట్లింది. ఆంటీ సోఫాలో స్ప్రింగు లేని వైపు చూసుకుని కూర్చుని వింది. "వచ్చాడా?" అని నా మోచెయ్యి పొడిచింది. వచ్చాడు ఆంటీ, ఆలస్యంగా, దీపం వెలుగుతోంది, పెట్టినావిడ లేదు అని చెప్పాను. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, "వెధవ. ఒక ఫోనన్నా చెయ్యొద్దూ" అంది. పాటయ్యాక ఆయన బయటికొచ్చి, "నాకు ఎదురుగా మాట్లాడినప్పుడే బాగా మాట్లాడావు. నా తరఫున మాట్లాడేటప్పుడు గొంతు వణికింది" అన్నాడు. వణకలేదని నేను వాదించాను. ఆ వాదన ఆయన ఉన్నన్నాళ్లూ నడిచింది.

వేళ్లు బిగుసుకుపోయి బాంజో పక్కన పెట్టాక కూడా ఆయన టై కట్టుకుని వచ్చి మాటలూ రికార్డులతో ఆ గంట నడిపాడు. ఆయన పోయినప్పుడు, అంత్యక్రియల ప్రార్థన గదిలో ఒక పక్క టోపీల ముసలివాళ్లు, ఒక పక్క పట్టుచీరల ఆంటీలు. ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని అడిగితే గోంగూర ఆంటీ లేచింది. "కిటికీలో దీపం పాట" అంది. "కోరినవారు," అని మొదలుపెట్టి మా అందరి పేర్లూ, ఊళ్ల పేర్లతో సహా, ఒక్కటి మర్చిపోకుండా చదివింది. తన పేరు అన్నిటికన్నా చివర చెప్పుకుంది.

ఇప్పుడు ఆయన గంట కూడా తెలుగుదే, నడిపేది నేనే. ఎవరూ కోరుకోరు. ఎవరి పాటలు వాళ్ల జేబుల్లోనే ఉన్నాయి. "మామ్, సీరియస్‌లీ, హూ లిజన్స్?" అని మా అమ్మాయి అడుగుతుంది, తెలుగు అర్థం చేసుకుని ఇంగ్లీషులో పోట్లాడటం దానికి బాగా వచ్చు. ఎవరి పోలికో అని మా ఆయన అంటాడు. నేను మాత్రం ప్రతి పాట తర్వాతా ఫోను నంబరు చెబుతాను, నిదానంగా, రెండుసార్లు. మా తర్వాత గంట పసిఫిక్ దీవుల టోంగా వాళ్లది. మొన్నొక శనివారం నేను పాత పాట గురించి నాలుగు ముక్కలు చెబుతుండగా ఫోను మోగింది. పాట వేసి పరుగెత్తాను. మౌంట్ డ్రూయిట్ నుంచి ఒక టోంగా అవ్వ. వాళ్ల గంటలో మొదటి కీర్తన తనదే ఉండాలట, మనవల పేర్లు రాసుకోమంది. ఇది తెలుగు గంటమ్మా, తర్వాత చేయండి అనడానికి నోరు తెరిచాను. ఆ నోటితోనే పేరు అడిగాను. చాలా పొడుగు పేరు. రెండుసార్లు పలికి చూసుకుని లోపలికెళ్లి, ఈ మధ్యాహ్నం మనల్ని తలచుకున్న ఆవిడకి అని చదివి, తర్వాతి పాట వేశాను. మళ్లీ ఫోను.

"ఇప్పుడు నువ్వు చెప్పింది నా పేరేనా?"

"అవునండీ."

అవతల పెన్నూ కాగితం వెతుకుతున్న చప్పుడు. తర్వాత, వచ్చేవారం మీరు ఎన్నింటికి మొదలుపెడతారని అడిగింది.

చెప్పి ఫోను పెట్టేశాను. ఎదురుగా అద్దంలో, అచ్చం నా పోలికతో, రేడియోకి పట్టుచీర కట్టుకుని, కుచ్చిళ్లు సర్దుకుంటూ ఒకావిడ నిలబడి ఉంది. ఎవరు చూస్తారని కట్టుకుందో అడుగుదామనుకున్నాను గానీ, ఆవిడతో వాదించి నెగ్గలేను.